తీగ విప్పని జువ్విచెట్టు

మన ఊళ్లకింకా పేర్లు పెట్టని కాలంలో, పిల్లలూ, మేడికొండ అనే రాజ్యం ఉండేది. అక్కడి రాజుగారి తోటకు మాలి ఓబులేసు. చింతనీ, జువ్వినీ, గంగరావినీ కుండీల్లో జానెడు చెట్లుగా పెంచడం అతని పని. కొమ్మకు రాగితీగ చుట్టి, మెల్లగా వంచి, వంపు నిలవగానే తీగ విప్పేసేవాడు.

వాటిల్లో ఒక జువ్వి అంటే అతనికి ప్రాణం. చనిపోయిన భార్య పగిలిన ఊరగాయ జాడీలో నాటిన మొక్క అది.

ఒకనాడు రాజు చండకేతుడు తోటకొచ్చాడు.

"గొడుగుల్లా నెమళ్లలా వంచిన చెట్లు చూసి చూసి విసుగొచ్చింది. ఈ జువ్వి నాకు తలవంచాలి," అన్నాడు.

ఓబులేసు కాదనలేకపోయాడు. ఏడాది తిరిగేసరికి చెట్టు తలవంచింది.

"ఇప్పుడు మోకరిల్లాలి," అన్నాడు రాజు. మరో ఏడాదికి మోకరిల్లింది.

"ఇక నా కాళ్ల ముందు సాష్టాంగపడాలి. దసరా కొలువులో సామంతులు దాన్ని చూసి నేర్చుకోవాలి. తీగ మాత్రం విప్పొద్దు, మళ్లీ లేస్తుంది."

"వానలొస్తున్నాయి ప్రభూ. వానకి జువ్వి ఇట్టే లావెక్కుతుంది. తీగ దాని ఒంట్లోకి దిగిపోతుంది," అన్నాడు ఓబులేసు.

మంత్రి నవ్వాడు. "చెట్టు తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు, ప్రభూ."

"అయితే దాని బాధేదో వీడూ పడనీ," అన్నాడు రాజు.

భటులు చెట్టును నేలకు వంచి తీగ బిగించారు. అదే తీగ ఓబులేసు కుడిచేతికీ బిగించి, చెరలో పడేశారు.

వానలు పడ్డాయి. చెరలో ఓబులేసు చెయ్యి వాచింది, నల్లబడింది. తోటలో జువ్వి లావెక్కింది, బెరడు తీగను మింగేసింది.

"తీగ కనబడ్డమే లేదు. అలవాటు పడిపోయింది," అని రాజు మురిసిపోయాడు. కొలువు దాకా ఎవరి కంటా పడకుండా పట్టుగుడ్డ కప్పించాడు.

దసరా వచ్చింది. సామంతుల ముందు గుడ్డ తీశారు. సాష్టాంగపడ్డ చెట్టుకు ఒక్క ఆకు లేదు.

రాజు ఓబులేసును రప్పించాడు. "విప్పరా తీగ."

"ఇప్పుడు విప్పడం లేదు ప్రభూ, కొయ్యడమే."

అతని కుడిచెయ్యి కొయ్యముక్కలా వేలాడుతోంది. సామంతులు చెట్టును చూశారు, చేతిని చూశారు.

ఓబులేసు ఎడంచేత్తో మొదలు దాకా కోశాడు. అడుగున వేలెడు పచ్చి మోడు మిగిలింది. ఎవరూ అడ్డు రాలేదు; దాన్ని ఇంటికి తీసుకెళ్లి నేలలో నాటాడు. మళ్లీ తీగ ముట్టలేదు.

మరుసటి దసరా కొలువుకు సామంతులు రాలేదు. వాళ్ల సేనలొచ్చాయి.

కట్టు ఎప్పుడు విప్పాలో తెలియనివాడికి, కట్టే హక్కు లేదు.