తెల్లగా మిగిలిన ఫ్యాను

ఆరు ఫ్యాన్లలో ఐదు మాట విన్నాయి. ఆరోది వినలేదు.

వామనమూర్తి కంప్యూటరు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని దానివైపు కొరకొరా చూస్తున్నాడు. అద్దం తలుపు వెనక ఐదు ఫ్యాన్లు నిండు కాషాయంలో వెలుగుతున్నాయి. వెనకవైపున్న ఆ ఒక్కటి మాత్రం తెల్లగా, ఎవరేమనుకుంటే నాకేం అన్నట్టు ఉంది.

"నీకేం మాయరోగమే?" అన్నాడు దానితో.

వంశధార ఒడ్డున, కొండవాలు మీద, నాలుగు గదుల చిన్న ఆశ్రమం అది. ఈ కంప్యూటరు అక్కడ పుట్టింది కాదు. విశాఖపట్నం భక్తుడొకాయన కొడుకు దీని మీద ఆటలాడుకునేవాడు. వాడికి కొత్తది కొనిపెట్టి, పాతదాన్ని ఆయన ఇక్కడికి పంపాడు. ప్రతి ఫ్యాను చుట్టూ రంగురంగుల దీపాలు. స్విచ్చి వేస్తే చాలు, అమ్మవారి జాతరే! ఎరుపు వెంట నీలం, నీలం వెంట ఆకుపచ్చ పరుగులు తీసేవి. మొదటిరోజు వంట సూరమ్మ దానికి దణ్ణం పెట్టి, హారతి ఎటువైపు ఇవ్వాలని అడిగింది కూడా.

దాన్ని తెప్పించింది ఒక్క క్యాసెట్టు కోసం.

ఆశ్రమం కట్టిన పాతస్వామి బతికుండగా తన మాటల్ని రికార్డు చెయ్యనిచ్చేవారు కాదు. ఎవరో భక్తుడు కండువా కింద టేపురికార్డరు దాచి ఒకే ఒక్క క్యాసెట్టు చేశాడు. ఇన్నేళ్ళకు అది ఆశ్రమానికి చేరింది, బూజు పట్టి. నేరుగా కాస్త పెట్టి చూస్తే బుస్సుమనే చప్పుడు తప్ప మరేమీ లేదు. కంప్యూటర్లోంచి పోనిచ్చి ఆ బుసను వడగడితేనే గొంతు విడివడుతుంది. టేపు పెళుసెక్కిపోయింది. ఒకసారి తిరిగాక మళ్ళీ తిరుగుతుందన్న నమ్మకం లేదు.

ఆ గొంతు కోసం కాచుకుని ఉన్నవాడు పైడయ్య.

పాతస్వామి మాట్లాడుతున్నంతసేపూ వెనక నిలబడి తాటాకు విసనకర్రతో విసిరినవాడు పైడయ్య. కుర్రాడిగా ఆ పనికి వచ్చాడు, స్వామి సిద్ధిపొందేదాకా అదే పని. మంత్రం తీసుకోలేదు, దీక్ష అడగలేదు. ఇప్పుడు మంచం పట్టాడు. ఆసుపత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇల్లంటే అతనికి ఈ ఆశ్రమమే. ఆ విసనకర్ర మంచం పక్కన మేకుకు వేలాడుతోంది.

"సామి గొంతు ఒక్కపాలి ఇనాలనుంది బాబూ," అని అతను వామనమూర్తిని అడిగాడు. "నానుండగా అవుతాదా?"

"రేపే తాతా," అన్నాడు వామనమూర్తి.

ఆ రేపు ఇంకా రాలేదు.

అలాగని అతను సోమరి కాదు. ఇక్కడికి రాకముందు కంప్యూటర్ల కంపెనీలో పెద్ద ఉద్యోగమే చేశాడు. అన్నీ వదులుకుని వచ్చాడు, తెల్లబట్టలు కట్టాడు. ఏటా గురుపౌర్ణమికి ముందు ఇప్పటి గురువైన శివబోధస్వామి పాదాల దగ్గర కూర్చుని కాషాయం ఇప్పించమని అడుగుతాడు. "చూద్దాంలే నాయనా," అంటారాయన. అతనికి అది గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఈసారి తప్పదని తనకు తానే నిశ్చయించేసుకున్నాడు. గుడ్డ కూడా కొని ట్రంకుపెట్టె అడుగున దాచుకున్నాడు, పాపం.

పౌర్ణమి దగ్గరపడింది. నాలుగు మఠాలవాళ్ళు వస్తారు. పాతస్వామివారి గొంతు తొలిసారి పలకబోయే పెట్టె పెళ్ళిపందిరి సీరియల్ బల్బుల్లా మిణుకుమిణుకుమంటుంటే ఎంత అపచారం! ముందు ఫ్యాన్లన్నీ కాషాయంలోకి రావాలి, ఆ తరువాతే క్యాసెట్టు. అదీ అతని పట్టుదల. అది భక్తే అనుకున్నాడు. మనసు మనకి చెప్పే అబద్ధాలు ఎప్పుడూ మంచి బట్టలే కట్టుకుని వస్తాయి.

కానీ ఫ్యాన్లు అతన్ని ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్ళు తాగించాయి. దీపాల్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటి కంప్యూటరుతో వచ్చింది. ఫ్యాన్లు చేసిన కంపెనీది ఇంకొకటి ఉంది. రెండూ పనిచెయ్యడం లేదని ఇంటర్నెట్‌లోంచి మూడోది దింపాడు. ఒక ఒరలో రెండు కత్తులే ఇమడవంటారు, ఇక్కడ మూడు! ఒకటి కాషాయం చేస్తే ఇంకొకటి నీలం చేసేది. మూడోది అన్నిటినీ ఆర్పేసేది. తీసేశాడు, మళ్ళీ ఎక్కించాడు, తీగలు ఊడబీకి మళ్ళీ గుచ్చాడు. చివరికి విసుగెత్తి రెండింటిని పీకేసి, ఫ్యాన్ల కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఉంచాడు. "అన్నీ నాకు అప్పగిస్తావా?" అన్నట్టు అదేదో అడిగింది. చదవకుండానే అవునన్నాడు.

ఐదూ ఒక్కసారిగా కాషాయంలోకి తిరిగాయి. అతనికి కళ్ళు చెమర్చాయంటే నమ్మండి. ఆరోది ఆ ఐదింటి జట్టులోది కాదు, దాని తీగ వేరే చోటికి పోతుంది. అందుకని దానికి ఆ ఆజ్ఞ అందలేదు. తెల్లగానే ఉండిపోయింది.

అప్పుడు గుమ్మంలో శివబోధస్వామి నిలబడ్డారు.

"పైడయ్య పొద్దుట గంజి కూడా ముట్టలేదు," అన్నారు. "క్యాసెట్టు సిద్ధమైందా?"

"ఇంకొక్కటే మిగిలింది స్వామీ." వామనమూర్తి లేచి చేతులు కట్టుకుని చూపించాడు. "ఐదూ మాట విన్నాయి. ఇదొక్కటే మొండికేసింది. రంగు పట్టడం లేదు."

స్వామి వంగి అద్దంలోంచి చాలాసేపు చూశారు. ఐదింటినీ చూశారు, ఆరోదాన్నీ చూశారు.

"పైడయ్యను ఇక్కడికి తెస్తాం," అన్నారు. "ఇప్పుడే పెట్టు."

మంచంతో సహా మోసుకొచ్చారు. సూరమ్మ వెనకే వచ్చి, తలగడ ఎత్తు చేసి, పెదాలు తడిపి, ఒక పక్కన నిలబడింది. పైడయ్య ఎముకల గూడైపోయాడు. కళ్ళు మాత్రం ఆ పెట్టె మీదే ఉన్నాయి.

"అందులో ఉన్నారేటి సామి?"

"ఉన్నారు తాతా."

వామనమూర్తి కంప్యూటరుకు తగిలించిన టేపురికార్డరులో క్యాసెట్టు వేశాడు. కాసేపు బుస. తెరమీద ఏవో సర్దాడు, బుస తగ్గింది. దాని కిందనుంచి ఒక గొంతు పైకి తేలింది, కొంచెం బొంగురుగా, తీరిగ్గా. పాతస్వామి చెబుతున్నారు.

"...ఏరు దాటాలంటే పడవ కావాలి. మరి పడవ దాటించేవాడు ఎటువైపు వాడు? ఈ ఒడ్డువాడా, ఆ ఒడ్డు..."

గొంతు తెగిపోయింది. తెర నల్లబడింది. ఫ్యాన్ల దీపాలతో సహా పెట్టంతా చచ్చిపోయింది.

పైడయ్య తల తిప్పి వామనమూర్తిని చూశాడు. ఆ చూపు తట్టుకోలేక అతను టేపురికార్డరు మీదికి వంగాడు.

టేపు ఆపాడు. కంప్యూటరు మళ్ళీ వేశాడు. దీపాలు వెలిగాయి, తెర వచ్చింది, టేపు మొదలుపెట్టేలోగానే మళ్ళీ ఆరిపోయింది. పెట్టె మీద చెయ్యి వేసి చురుక్కుమంటే వెనక్కి తీసుకున్నాడు. అద్దం తలుపు ఊడదీసి మరోసారి స్విచ్చి వేసి, ముఖం దగ్గరగా పెట్టి చూశాడు.

ఐదు ఫ్యాన్లు కాషాయంలో చక్కగా వెలుగుతున్నాయి. ఒక్కటీ తిరగడం లేదు.

రంగుతోపాటు వాటి వేగం కూడా ఆ సాఫ్ట్‌వేర్‌కే అప్పగించేశాడు. అది వాటిని నిలబెట్టేసింది. అంత వెలుగులో రెక్కలు కదలడం లేదని అతనికి కనిపించనేలేదు. వెనకనున్న తెల్లది ఒక్కటే గిరగిరా తిరుగుతోంది. ఇంతసేపూ ఆ వేడినంతా అది ఒక్కతే బయటికి తోసింది, పాపం.

వామనమూర్తి స్వామివైపు తిరిగాడు.

"సరిచేస్తాను స్వామీ. మొదట్నుంచీ మళ్ళీ ఎక్కించాలి. చల్లారనివ్వాలి. కాస్త టైమివ్వండి."

స్వామి పైడయ్య ఛాతీవైపు చూశారు. అది పైకి లేచి, చాలాసేపు ఆగి, కిందికి దిగుతోంది.

"టైము నా చేతుల్లో లేదు నాయనా," అన్నారు.

ఆయన బయటికి వెళ్ళి వచ్చారు. చేతిలో పైడయ్య విసనకర్ర ఉంది. తెరిచిన పెట్టె పక్కన నేలమీద కూర్చుని, పై ఉత్తరీయం తీసి పక్కన పడేసి, విసరడం మొదలుపెట్టారు. అరవై దాటిన మనిషి, నాలుగు జిల్లాల భక్తులు కాళ్ళకు మొక్కే మనిషి, ఒక ఇనుప డబ్బాకి విసురుతున్నారు. సూరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"స్వామీ! అయ్యయ్యో, నాకివ్వండి," అని చెయ్యి చాపాడు వామనమూర్తి.

"నువ్వు రంగు చూసుకో," అన్నారాయన.

కోపంగా అనలేదు. మామూలుగానే అన్నారు. అందుకే అది అంత లోతుకు దిగింది. చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది.

"టేపు పెట్టవయ్యా," అన్నారు స్వామి.

పెట్టె కొంచెం చల్లారాక ఈసారి ఆగలేదు. బుస తగ్గింది, గొంతు వచ్చింది. పాతస్వామి పడవవాడి కథ చెబుతున్నారు. మధ్యలో ఎవరో దగ్గారు, ఎక్కడో పసిపిల్ల ఏడ్చింది. వాటన్నిటి అడుగున ఒక చప్పుడు ఆగకుండా వస్తోంది, సరసర, సరసర. అది టేపులోని బుసే అనుకుని వామనమూర్తి దాన్ని కూడా తీసేయబోయాడు. పైడయ్య చెయ్యి ఎత్తాడు.

"ఉంచు బాబూ. అది నాను."

వామనమూర్తికి అర్థం కావడానికి క్షణం పట్టింది. అది విసనకర్ర చప్పుడు. గదిలో స్వామి చేతిలో ఉన్నది కూడా అదే విసనకర్ర, అదే చప్పుడు. టేపులోది ఏదో, ఇక్కడిది ఏదో విడదీయలేకపోయాడు. మంచం మీద పైడయ్య కుడిచెయ్యి దుప్పటి పైన మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది.

టేపులో పాతస్వామి మాట ఆపారు. గొంతు మారింది. సభతో మాట్లాడే గొంతు కాదు, ఇంట్లో మనిషితో మాట్లాడే గొంతు.

"పైడయ్యా, చెయ్యి నొప్పెడుతోందా?"

టేపులో ఒక కుర్రగొంతు ఏదో అనబోయింది. అంతకంటే ముందే మంచం మీది గొంతు అంది, "నొప్పేటి నేదు సామీ."

"నొప్పేటి నేదు సామీ," అంది టేపు కూడా.

"చాల్లేరా. ఇంక ఆపు. చాలా సేపైంది."

టేపులో సరసర ఆగింది. దుప్పటి మీద చెయ్యి ఆగింది. పైడయ్య కళ్ళు మూసుకున్నాడు. ముఖంలో ఎంత తృప్తి ఉందంటే, సూరమ్మ ముందు నిద్రపోయాడనుకుంది. తరువాత మంచం అంచున కూలబడి ఏడ్చింది.

స్వామి మాత్రం విసురుతూనే ఉన్నారు. టేపు చివరిదాకా తిరిగి టక్కుమని ఆగిన తరువాత విసనకర్ర కింద పెట్టారు. లేచి, పైడయ్య పాదాలు తాకి కళ్ళకు అద్దుకున్నారు. వామనమూర్తి తల ఎత్తలేకపోయాడు. "రేపే తాతా" అన్న తన మాట ఒక్కటే చెవుల్లో గింగిర్లు తిరుగుతోంది. ఇంకొక్క పూట ఆలస్యమై ఉంటే!

పైడయ్యను వంశధార ఒడ్డున సాగనంపారు. పాడె ముందువైపు వామనమూర్తి పట్టాడు. పట్టమని ఎవరూ చెప్పలేదు.

తిరిగి వచ్చాక అతను కంప్యూటరు విప్పి దీపాలకు పోయే తీగలన్నీ ఊడబీకాడు. ఆ సాఫ్ట్‌వేర్ తీసి పారేశాడు. ఆరు ఫ్యాన్లూ చీకట్లో తిరుగుతున్నాయి. ఒక్కొక్కదాని ముందూ అరచెయ్యి పెట్టి గాలి చూసుకున్నాడు. ట్రంకుపెట్టె అడుగున దాచిన కాషాయపు గుడ్డను స్వామి గదిలో ఒక మూల పెట్టి వచ్చాడు.

గురుపౌర్ణమి వచ్చింది. నాలుగు మఠాలవాళ్ళూ వచ్చారు. మందిరం కిక్కిరిసిపోయింది. వాన ముందరి ఉక్క, ఆకు కదలడం లేదు, పైగా కరెంటు పోయింది. శివబోధస్వామి పడవవాడి కథ ఎత్తుకున్నారు. ఆయన వెనక వామనమూర్తి నిలబడ్డాడు, తెల్లబట్టల్లో, చేతిలో తాటాకు విసనకర్రతో. ఎవరూ అతనివైపు చూడలేదు. అతనికీ ఎవరూ కనిపించలేదు. ఆయన చెవి వెనక చెమట ఆరుతోందా లేదా, అదొక్కటే చూస్తున్నాడు.

కథ మధ్యలో స్వామి ఆగారు. వెనక్కి తిరగకుండానే, పక్కనున్నవాళ్ళకు కూడా వినపడనంత మెల్లగా అడిగారు.

"చెయ్యి నొప్పెడుతోందా?"

వామనమూర్తి విసురుతూనే ఉన్నాడు.