మచ్చక్క వదిలిన కొరమీను

ఏరు సముద్రంలో కలిసే చోట తిల్లమడ అనే అడవి ఉంది. అక్కడి చెట్లు బురదలో నిలబడి, వేళ్లను నీళ్లపైకి చాపి ఊపిరి పీల్చుకుంటాయి. ఆ అడవిలో పీతలు, కప్పలు, నారాయణ పక్షులు, ఇంకా మచ్చక్క అనే నీటిపిల్లి ఉండేవి.

మచ్చక్క ఒళ్లంతా నల్లమచ్చలు. తోక పొట్టి, నాలుక పదును. ముగ్గురు పిల్లల తల్లి. ఆ పిల్లలకు ఇంకా ఈత రాదు.

తిల్లమడ నడుమ నాచుమడుగు ఉంది. రోజుకు రెండుసార్లు సముద్రం పొంగి ఏటి నీళ్లను వెనక్కి తోస్తుంది. దాన్ని పోటు అంటారు. తోసిన నీళ్లను మళ్లీ లాగేసుకుంటుంది. అది పాటు. పోటులో మడుగు నిండుగా ఉంటుంది. పాటులో సగం బురద తేలుతుంది. పైన గుర్రపుడెక్క, తూటికాడ చాప పరిచినట్టు అల్లుకుని ఉంటాయి. ఆ చాప కింద కొరమీనులు తిరుగుతాయి.

కొరమీను అంటే మామూలు చేప అనుకోకండి. పాము తలలాంటి తల. పైకి వచ్చి గాలి మింగి పోతుంది. అలికిడైతే బురదలో దూరుతుంది. నీళ్లు లేకపోతే నేలమీద పాక్కుంటూ పోయి ఇంకో గుంటలో పడుతుంది. దాన్ని పట్టాలంటే పంజా ఒక్కటే చాలదు, బుర్ర కూడా ఉండాలి.

మచ్చక్కకు రెండూ ఉన్నాయి. ఒక వానాకాలం కొట్టుకొచ్చిన తాటిమానును తొలిచి దోనె చేసుకుంది. అందులో ఒక్కరే కూర్చోగలరు. తాటిమట్ట తెడ్డు. ముల్లు గాలం. సన్నని తీగ. ఎరగా కొబ్బరిపీచుతో చేసిన కప్ప.

ఆ పీచుకప్పను మొదటిసారి చూసి నిజం కప్ప మూతి ముడిచింది. "ఇది నేనా? నాకింత పొట్ట ఎక్కడుందక్కా?"

"నీకు లేదు. మీ ఆయనకుంది," అంది మచ్చక్క.

అప్పటినుంచి ఆ కప్ప దోనె ముక్కుమీదే కూర్చుని వేటకు వెళ్లేది.

ఇలా ఉండగా ఎగువ పాయ నుంచి ఏడు నీటికుక్కలు దిగాయి. వాటి నాయకుడు జెట్టి. ఈతలో, బలంలో వాడికి సాటి లేదు. ఆ మాట వాడే అందరికీ చెబుతాడు.

"ఈ మడుగు ఎవరిది?" అన్నాడు జెట్టి.

"వేట తెలిసినవాళ్లది," అంది మచ్చక్క.

"అయితే మాది."

"మీ ఎగువ పాయ ఏమైంది? నిరుడు అక్కడ కొరమీనులు ఒకదాన్నొకటి తోసుకునేవిగా."

"అయిపోయాయి."

"అయిపోయాయా, అవజేశారా?"

జెట్టి పళ్లు బయటపెట్టాడు. వెనక ఆరుగురు తమ్ముళ్లూ పెట్టారు. మచ్చక్క ఏడుగురితో కలబడలేదు. కానీ మడుగు దాటితే అంతా లోతైన ఉప్పునీరు. ఈత రాని పిల్లల్ని తీసుకుని అక్కడికి పోవడమంటే వాళ్లను చంపుకోవడమే.

నారాయణ పక్షి తాత కల్పించుకున్నాడు. తిల్లమడలో ఆయన మాట ఎవరూ దాటరు. "రేపు పొద్దున పోటు మొదలు పాటు ముగిసేదాకా గడువు. ఒక్కో పక్క నుంచి ఒక్కరే దిగాలి. పెద్ద కొరమీనును ఒడ్డుకు తెచ్చినవారిది మడుగు. ఓడినవారు మళ్లీ ఇటు తొంగిచూడకూడదు."

"నేను రెడీ," అన్నాడు జెట్టి. దోనె వైపు చూసి నవ్వాడు. "అక్కా, చేపల్ని పడతావా, పడవలో షికారు చేస్తావా?"

"నీ నవ్వు దాచుకో తమ్ముడూ. రేపు సాయంత్రం పనికొస్తుందేమో చూద్దాం."

తెల్లారింది. పోటు మొదలైంది. జెట్టి దభేలున దూకి, మడుగు ఈ కొస నుంచి ఆ కొసకు చీల్చుకుంటూ ఈదాడు. నీళ్లు కలకబారాయి. వస్తున్నానని చేపలకు కబురు పెట్టి మరీ వచ్చినట్టు, కొరమీనులన్నీ బురదలో దూరాయి. జెట్టి ఎంత వెతికినా ఒక్క తోక తగల్లేదు.

మచ్చక్క తెడ్డు ఎత్తి పెట్టింది. పోటు ఎటు తోస్తే అటు దోనెను వదిలింది. తెడ్డు చప్పుడు లేదు, నీటిమీద నీడ మాత్రం కదిలింది. గుర్రపుడెక్క అంచున ఒకచోట నీళ్లు ఎర్రగా మెరిశాయి. కుంకుమ చల్లినట్టు వందల చేపపిల్లలు గుంపుగా తిరుగుతున్నాయి. వాటి కింద ఒక పెద్ద నీడ కాపలా కాస్తోంది.

కప్ప గుడ్లు తేలేసింది. "అక్కా, దాన్ని మించిన కొరమీను మడుగులో లేదు. పీచుకప్పను ఆ పిల్లలమీద పడేస్తే చాలు, కోపంతో కరిచేస్తుంది."

"తెలుసు."

"మరి వెయ్యవేం?"

మచ్చక్క తీగమీద పంజా వేసి ఆగింది. అమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. ఎర్రపిల్లలు కనిపిస్తే తెడ్డు తిప్పు, అని. కప్పతో అంది, "అది ఆకలేసి కరవదే పిచ్చిదానా. పిల్లలకోసం కరుస్తుంది. దాన్ని పట్టుకుపోతే ఈ పిల్లలన్నిటినీ సాయంత్రానికల్లా ఇంకో చేప మింగేస్తుంది."

"ఓడిపోతావు."

"ఓడితే ఓడతాను. ఇలా గెలిచి, వచ్చే ఏడు ఖాళీ మడుగులో నీ మొహం చూస్తూ కూర్చోమంటావా?"

తెడ్డు తిప్పింది. వెనక్కి చూడలేదు.

తూటికాడల దగ్గర ఒక బుడగ తేలింది. దాని పక్కన ఎర్రపిల్లలు లేరు. మచ్చక్క పీచుకప్పను ఆకులమీద వేసి చిన్నగా గెంతించింది. ఒక గెంతు. ఆగింది. ఇంకో గెంతు. ఆకుల కింది నుంచి టప్పుమని పెద్ద నోరు లేచి పీచుకప్పను మింగింది.

తెలియనివాళ్లయితే అప్పుడే లాగుతారు. చేప ఉమ్మేసి పోతుంది. మచ్చక్క మూడు ఊపిర్లు ఆగింది. అప్పుడు గుంజింది. కొరమీను దోనెనే ఈడ్చుకుపోయింది. మచ్చక్క దోనె అడుగున వెన్ను ఆనించి, తీగ వదులు కాకుండా పట్టుకుంది. చేప అలిసేదాకా పట్టుకుంది. చివరికి మూరెడు కొరమీను దోనెలో పడింది. దాన్ని ఒడ్డుకు చేర్చింది.

అది చూసి జెట్టికి ఒళ్లు మండింది. అప్పటికే నీళ్లు తీస్తున్నాయి, పాటు మొదలైంది. వాడు చుట్టూ చూశాడు. ఎర్రపిల్లలు కనిపించాయి. ఎగువ పాయలో వాడి వేటంతా అదే కదా. పిల్లల కిందికి దూకాడు. కాపలా చేప పారిపోలేదు. పిల్లల్ని వదిలి ఎక్కడికి పోతుంది? జెట్టి దాని నడుము కరిచి పట్టాడు. గుర్రపుడెక్క వేళ్లలో ఇద్దరూ పెనుగులాడారు. గెలుపు నోటికి చిక్కాక నీళ్ల సంగతి ఎవరికి గుర్తుంటుంది?

నీళ్లు జారిపోయాయి. తడిసిన దుప్పటిలా గుర్రపుడెక్క వాడిమీద కూర్చుంది. కింద బురద మెడదాకా మింగింది. కాలు కదపబోతే ఇంకాస్త దిగాడు. నోట్లో మాత్రం రెండు మూరల కొరమీను గిలగిలలాడుతోంది.

"అన్న పట్టాడు," అని తమ్ముళ్లు ఒడ్డున గంతులేశారు. సాయానికి బయల్దేరి, పొట్టదాకా బురదలో దిగి, వెనక్కి పాకారు.

"పట్టావు జెట్టీ, చూశాం. ఇక ఒడ్డుకు తీసుకురా," అన్నాడు నారాయణ పక్షి తాత.

"మ్మ్," అన్నాడు జెట్టి.

మచ్చక్క ఒక కాలు దోనెలో పెట్టి, ఇంకో కాలితో బురదను తన్నుకుంటూ జారుకుంటూ వచ్చింది. దోనె బురదమీద వెన్నమీద జారినట్టు జారింది. వాడి ముందు ఆగింది.

"ఏం తమ్ముడూ, సాయం కావాలా?"

"మ్మ్."

"సరిగ్గా వినబడలేదు. నోరు తెరిచి చెప్పు."

జెట్టి ఇంకా గట్టిగా కరుచుకున్నాడు. మచ్చక్క తాపీగా పంజా నాక్కుంది. "తొందరేం లేదులే. మళ్లీ పోటు వస్తుంది. బురద నిన్ను వదలదు, నీళ్లు మాత్రం నీ ముక్కు దాటతాయి. అప్పుడు చేపా నువ్వూ కలిసే ఉండొచ్చు."

దూరంగా సముద్రం మళ్లీ పోటుకు తిరిగిన చప్పుడు వినిపించింది. జెట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు తెరిచాడు.

"అక్కా, లాగు."

కొరమీను బురదమీద పడింది. పాక్కుంటూ, మిగిలిన సన్నని కాలవలోకి జారింది. అక్కడ ఎర్రపిల్లలు దాని చుట్టూ మూగాయి.

మచ్చక్క వాడి చంకల కింద తీగ చుట్టి, దోనెకు కట్టి, బురదను తన్నుతూ ఒడ్డుకు ఈడ్చింది. మోపున్నర బురదతో వాడు తేలాడు.

"తాతా, నేను పెద్దదే పట్టాను. అందరూ చూశారు," అన్నాడు జెట్టి, రొప్పుతూనే.

"పట్టడం చూశాం. తేవడం చూడలేదు," అన్నాడు తాత. "మడుగు మచ్చక్కది."

నీటికుక్కలు తలలు దించుకుని బయల్దేరాయి. నాలుగడుగులు వేసి జెట్టి ఆగాడు. "అక్కా, మా ఎగువ పాయ మళ్లీ నిండుతుందా?"

"ఒకటో రెండో జంటలు ఏ బురదలోనో మిగిలే ఉంటాయి. వాటిని వదిలేస్తే నిండుతుంది. వదలడం ఎలాగో ఇవాళ నేర్చుకున్నావుగా."

జెట్టి నవ్వలేదు. తల ఊపి వెళ్లిపోయాడు.

తర్వాతి వానలకు ఆ ఎర్రపిల్లలు నల్లబడి జానెడేసి అయ్యాయి. నాచుమడుగులో ఎక్కడ చూసినా బుడగలే. మచ్చక్క పిల్లలకు ఈత వచ్చింది. దోనెలో ఒక్కరికే చోటు గనక, ముందు పెద్దదాన్ని ఎక్కించి తను ఒడ్డున నిలబడింది.

అది మడుగు నడిమికి పోయింది. గుర్రపుడెక్క అంచున కొత్త ఎర్రపిల్లలు మెరిశాయి. ఎవరూ చెప్పకుండానే అది తెడ్డు తిప్పింది.

మచ్చక్క ఏమీ చూడనట్టు పక్కకు తిరిగింది. తోక మాత్రం నిటారుగా లేచింది. పొట్టి తోకే. అయినా ఆ రోజు అడవంతటికీ కనిపించింది.

నీతి: వదలాల్సింది వదలడం రానివాడికి, పట్టింది కూడా మిగలదు.