కేసరయ్య గారి తాంబూలం

పూలకొండ రాజు ప్రోలభూపతి ఒకనాడు ఏనుగెక్కి ఊరేగుతూ అంగడివీధి మురుక్కాలవలో పడ్డాడు. నిజానికి జారింది ఏనుగు కాలు ఒక్కటే. పడింది మాత్రం రాజుగారు మొత్తం. కిరీటం వెతకడానికి భటులు కాలవలోకి దిగాల్సి వచ్చింది.

ఈ కాలవ బాగుచేయించాల్సింది ఎవరని రాజు అడిగితే అందరూ నగరపెద్ద కేసరయ్య వైపు చూశారు. వీధులు, కాలవలు, సంత అన్నీ ఆయన చేతికిందివే. నగరసభ నిండా ఆయన బావమరదులూ వియ్యంకులే. పాపం, ఆయన మాత్రం తన మీసాలు తప్ప ఊళ్ళో మరేదీ బాగుచేసి ఎరగడు. వాటికి పొద్దున ఆవునెయ్యి, సాయంత్రం సాంబ్రాణి పొగ.

రాజుకు ఒళ్ళు మండింది. తలంటు పోసుకుంటూనే ఆజ్ఞ ఇచ్చాడు. ఇకమీదట నగరపెద్దను జనమే ఎన్నుకోవాలి. పున్నమినాడు కోట మైదానంలో కుండలు పెడతారు. తలా ఒక చింతగింజ నచ్చినవాళ్ళ కుండలో వేయాలి. గింజలు ఎక్కువ పడ్డవాళ్ళదే నగరసభ.

కేసరయ్య మీద ఎవరు నిలబడతారని అందరూ అనుకుంటుండగా ఆకుకూరలమ్మే ఓబులమ్మ నిలబడింది. ఆమెకు వేరే దారి లేదు. కోట ముందున్న సంతను ఎత్తేసి, ఊరికి దూరంగా ఉన్న తన మామిడితోటలో పెట్టిస్తానని కేసరయ్య చాలాకాలంగా అంటున్నాడు. అక్కడ బుట్ట దించాలంటే ఆయనకు సుంకం కట్టాలి. అదే జరిగితే బుట్టలు మోసి బతికేవాళ్ళంతా పస్తులే. అందుకే ఊరు మెల్లగా ఓబులమ్మ వైపు మొగ్గింది.

కేసరయ్య మాత్రం తక్కువ తిన్నాడా? పున్నమికి ముందు మనవడి బారసాల అని ఊరందరినీ పిలిచాడు. పులిహోర, బూరెలు పెట్టి, వెళ్ళేటప్పుడు తలా ఒక తాంబూలం చేతిలో పెట్టాడు. మర్నాడు దండోరా వేయించాడు. తన తాంబూలం అందుకున్నవాళ్ళంతా గింజ తన కుండలోనే వేస్తామని మాట ఇచ్చినట్టేనట.

పూలకొండలో తాంబూలం పుచ్చుకుంటే మాట ఇచ్చినట్టే. పెళ్ళిళ్ళు, పొలాలు, పాడిబర్రెలు అన్నీ తాంబూలం మీదే ఖాయమవుతాయి. తప్పినవాణ్ణి ఎవరూ గడప తొక్కనివ్వరు. ఊరు ఊరంతా బిక్కచచ్చిపోయింది. ఓబులమ్మ సంగతి మరీ దారుణం. బూరెల మీద ఆశకొద్దీ ఆమె కూడా వెళ్ళింది. ఇప్పుడు తన గింజ తనే అవతలి కుండలో వేయాలి.

రాజు బుర్రా సింగనను పిలిపించాడు. సింగనకు కొలువులో ఫలానా పని అంటూ లేదు. అందుకే ఏ పని చెడినా అతన్నే పిలుస్తారు.

"ఆచారం తాతల నాటిది. నేను కాదంటే రేపు ఊళ్ళో ఏ మాటా నిలవదు," అన్నాడు రాజు. "ఆచారం చెడకూడదు, ఎన్నికా చెడకూడదు."

సింగన సరేనని, ఊళ్ళోకి పోయి వీధివీధికీ తిరిగాడు.

ఆ సాయంత్రం జనం మేళతాళాలతో కేసరయ్య ఇంటికి వచ్చారు. గెలుపు ఎలాగూ తమరిదే, ముందుగానే మొక్కిపోదామని వచ్చామన్నారు. ప్రతివాళ్ళ చేతిలోనూ ఒక తాంబూలం. కేసరయ్య ఉయ్యాల బల్ల మీద కూర్చుని అన్నీ అందుకున్నాడు, అందినవి అందినట్టే నమిలాడు. నోరు పండి, రసం మీసాల మీదికి కారింది. ఇక చాలించమని భార్య మొత్తుకుంటే, జనం ప్రేమను కాదనకూడదన్నాడు.

పున్నమి వచ్చింది. కేసరయ్య మైదానంలోకి అడుగుపెట్టేసరికి క్షౌరం చేసే కొండయ్య పీట వేసి, కత్తి నూరుకుంటున్నాడు.

"కూర్చోండయ్యా," అన్నాడు కొండయ్య. "నిన్న నా తాంబూలం పుచ్చుకున్నారు కదా. మీసాలు తీయించుకుంటామని మాట ఇచ్చినట్టే."

కేసరయ్య రెండు చేతులతో మీసాలు కప్పుకున్నాడు. అంతలో పల్లకీ మోసే బోయీలు వచ్చి పల్లకీలో ఎక్కి కూర్చున్నారు. వాళ్ళు తాంబూలం ఇచ్చింది అందుకేనట. ఇవాళ వాళ్ళు ఎక్కుతారు, కేసరయ్యా ఆయన బావమరదులూ మోయాలి. ఆ వెనకే ఓబులమ్మ. ఊరి గేదెలన్నీ ఇకనుంచి ఆయన మామిడితోటలోనే మేస్తాయని ఆమె తాంబూలం. గేదెలు అప్పటికే బయల్దేరాయట.

వెనక ఇంకా ఊరంతా బారులు తీరి ఉంది. కొండయ్య కత్తి మీసాలు కప్పుకున్న వేళ్ళకు చల్లగా తగిలింది.

"ఇదెక్కడి న్యాయం?" అని అరిచాడు కేసరయ్య. "ఎందుకిస్తున్నారో చెప్పకుండా చేతిలో పెట్టి, తర్వాత మాట ఇచ్చావంటే ఎలా? అలాంటి తాంబూలం చెల్లదు."

రాజుకు సరిగా వినపడలేదట. మళ్ళీ చెప్పమన్నాడు. కేసరయ్య ఈసారి మైదానమంతా వినపడేలా చెప్పాడు.

అప్పుడు సింగన జనంలోంచి ముందుకు వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"అయితే బారసాలలో తమరు పంచినవీ చెల్లవు. కాదు, చెల్లుతాయంటారా, కొండయ్య కత్తి సిద్ధంగానే ఉంది."

కేసరయ్య తన కుండ వైపు చూశాడు. కత్తి వైపు చూశాడు. చివరికి మీసాలే దక్కించుకున్నాడు.

ఇక చూడాలి చింతగింజల వాన. ఓబులమ్మ కుండ నిండి, పొర్లి, పక్కన బుట్ట పెట్టాల్సి వచ్చింది. కేసరయ్య కుండలో బావమరదుల గింజలు పడ్డాయి, అవీ అందరివీ కావు. సంత కోట ముందే ఉండిపోయింది. ఓబులమ్మ కొంగు నడుముకు చుట్టి, మురుక్కాలవ మర్నాడే తవ్వించాలంది. ఆ మాటకు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది రాజుగారే.

రాజు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, మెడలోని ముత్యాలహారం తీసి సింగన మెడలో వేశాడు. ఆ పైన ముచ్చటపడి, వెండి పళ్ళెంలో తాంబూలం అందించబోయాడు.

సింగన చటుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"దేనికో ముందు సెలవియ్యండి, ప్రభూ."

రాజు నవ్వు ఆపుకోలేక పళ్ళెం జారవిడిచాడు. మైదానమంతా గొల్లుమంది.