అరగని పాదం

డాక్టర్ పురుషోత్తంగారికి ఒక అలవాటు ఉండేది. తాను కాలు తీసి, కొత్త కాలు పెట్టి పంపిన మనిషి ఎన్నాళ్ళకు తిరిగొచ్చినా ముందు ముఖం చూసేవారు కాదు. పెట్టుడు కాలు తిరగేసి పాదం అడుగు చూసేవారు. కాలు తీసెయ్యడంతో వైద్యుడి పని అయిపోయిందనుకునే రోజుల్లో, ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో వడ్రంగిని పక్కన కూర్చోబెట్టుకుని, పొలం గట్ల మీద నడవగలిగే రబ్బరు పాదాలు చేయించిన మొండి మనిషాయన.

ఆ షెడ్డులో మూడేళ్ళు పని నేర్చుకున్న శిష్యురాలు హైమవతి. పార్వతీపురంలో పెట్టబోయే కొత్త కేంద్రం తనకే అప్పగిస్తారని ఆమెకు కొండంత ఆశ. ఉండబట్టలేక ఒకనాడు అడిగేసింది.

"సార్, నేను చేసిన కాలు బాగుందని మీరెప్పుడంటారు?"

"ఇవాళ ఇద్దరు వస్తున్నారుగా, చూద్దాం" అన్నారాయన.

ముందు చేపలమ్మే పైడితల్లి వచ్చింది. ఆమె కాలు గురువుగారు చేసిందే. గుమ్మంలోంచే అందుకుంది. "ఇదేటి కాలు డాట్రుబాబూ? ఏడాది తిరక్కుండా సిరిగిపోనాది!" పాదం అడుగు అరిగి బొక్క పడింది, పగుళ్ళ నిండా ఇసుక. ఆమె అలా కడిగిపారేస్తుంటే ఆయన మురిసిపోతూ టీ తెప్పించారు. హైమవతికి తలాతోకా అర్థం కాలేదు.

తరవాత వరి రైతు సింహాచలం కర్ర ఊతంతో వచ్చాడు. అతనికి కాలు చేసింది హైమవతి. ఆరు వారాలు కంటికి రెప్పలా చూసుకుంటూ చేసింది. అతను చంకలోని మూట విప్పాడు. కొత్త తువ్వాలులో ఆ కాలు, పాదానికి పసుపు, కుంకుమ బొట్లు.

"దసరాకి పూజ సేసినాం డాట్రమ్మా. దేవుడి పక్కనే పెట్టుకున్నాం."

హైమవతి కళ్ళు చెమర్చాయి. ఇంతకన్నా మెప్పు ఏం కావాలని గర్వంగా గురువుగారి వంక చూసింది. ఆయన పాదం తిరగేశారు. అడుగున ఒక్క గీత లేదు. ఆయన ముఖం చిన్నబోయింది.

"పొలానికి ఎలా వెళ్తున్నావయ్యా?"

"ఎల్లట్లేదు బాబూ. పొలం మా బామ్మర్ది సూసుకుంటన్నాడు. నాను అరుగు మీదే."

"కాలుందిగా?"

"దీన్ని బురదలో పెడతానా బాబూ! ఎంతో కష్టపడి సేసినాను, మట్టి తగలనీకు అని డాట్రమ్మ మరీమరీ సెప్పినారు గదా."

అది హైమవతి అన్న మాటే, ప్రేమతో అన్న మాటే. ఆ మాట ఇతన్ని అరుగు మీద ఎలా కూర్చోబెట్టిందో, తిట్లు తిన్న కాలు ఎలా గెలిచిందో ఎంత ఆలోచించినా ఆమెకు తేలలేదు. చివరికి బెరుగ్గా, "మరి పార్వతీపురం సంగతి, సార్?" అంది.

ఆయన పసుపు పాదాన్ని ఆమె చేతుల్లో పెట్టారు.

"దేవుణ్ణి చక్కగా చేశావమ్మా. ఇతనికి కాలెప్పుడు చేస్తావు?"