తథాస్తు అన్న ఇల్లు

అనగనగా ఒక ఊరు. ఆ ఊరి పేరు నీలగల్లు. ఆ ఊళ్ళో, మనిషి మాట్లాడితే బదులు పలికే ఇల్లు ఒకటి ఉండేది. అప్పుడే భయపడకండి పిల్లలూ! భయపడాల్సిన చోటు వచ్చినప్పుడు నేనే చెబుతాను.

నీలగల్లులో కామిశెట్టి అనే ఉప్పు వర్తకుడు ఉండేవాడు. ఆయనకు ఒక్కగానొక్క కూతురు, రంగనాయకి. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఉన్న ఇల్లు చూస్తే ఇరుకు. అందులో సగం ఉప్పు బస్తాలే.

"నా మనవడు ఉప్పు బస్తాల మధ్య పుట్టడమా? వీల్లేదు!" అన్నాడు శెట్టి. పెద్ద ఇంటి కోసం ఊరంతా గాలించాడు.

చివరికి బుచ్చప్ప అనే ఆసామి తండ్రీకూతుళ్ళిద్దరికీ తన ఇల్లు చూపించాడు. అబ్బ, ఏం ఇల్లు! గోడలకు కొత్త సున్నం, గడపలకు పచ్చటి పసుపు. నడిమింట్లో అరవై మంది ఒకే బంతిగా కూర్చుని భోంచేయవచ్చు. కానీ ఆ ఇంట్లో పిచ్చుక గూడు లేదు. గోడ మీద ఒక్క బల్లి అయినా లేదు. మిట్టమధ్యాహ్నం కూడా ఆ నడిమింటి బండలు అరికాళ్ళకు చల్లగా తగిలేవి. బుచ్చప్ప గోడ పక్కగా నడుస్తూ గదులన్నీ చూపించాడు.

శెట్టి నడిమింట్లో నిలబడి, "మా వాళ్ళంతా ఇక్కడ చల్లగా ఉండాలి" అన్నాడు.

కాళ్ళ కిందినుంచి ఎవరో ముసుగు కప్పుకుని పలికినట్టు, మెల్లగా వినబడింది. "ఉండాలి..."

శెట్టి ఉలిక్కిపడి కాళ్ళ కిందికి చూశాడు. బుచ్చప్ప మాత్రం చప్పట్లు కొట్టాడు.

"విన్నారా శెట్టిగారూ! తథాస్తు దేవతలు! మిగతా అందరికీ ఆకాశంలో తిరుగుతారు. నా ఇంట్లో కాపురమే పెట్టారు. ఇక్కడ ఏది కోరితే అది జరిగి తీరుతుంది."

శెట్టి ముఖం చాటంత అయింది. రంగనాయకి కడుపు మీద చెయ్యి వేసుకుని, "నా బిడ్డ ఉయ్యాల ఇక్కడే" అంది.

"ఇక్కడే..." అంది ఇల్లు. కాసేపాగి, ఎవరూ ఏమీ అనకుండానే, మళ్ళీ అంది. "ఇక్కడే..."

శెట్టి ఆ రెండో మాట పట్టించుకోలేదు. గురువారం గృహప్రవేశం అన్నాడు. నడిమింటి నడుమ పొయ్యి పెట్టి పాలు పొంగించాలి, ఆవును నడిపించాలి, చుట్టాలందరూ అక్కడే నిలబడి అక్షతలు వేయాలి అని ఊరంతా చాటాడు.

రంగనాయకికి మాత్రం ఆ గొంతు మనసులోంచి పోలేదు. "నాన్నా, నేను అన్నది ఒక్కసారే. రెండోసారి అన్నది ఎవరు?" అని అడిగింది. "కొనేముందు గోడల ఓబన్న తాతకు చూపించు. లేకపోతే నేను మళ్ళీ ఆ గడప తొక్కను" అంది. కడుపుతో ఉన్న పిల్ల మాట కాదనలేక శెట్టి సరేనన్నాడు.

గోడల ఓబన్న ముసలి మేస్త్రి. ఇళ్ళు కట్టే వయసు దాటిపోయాక, ఇళ్ళు చూసి చెప్పడమే పనిగా పెట్టుకున్నాడు. ఒక కర్ర, ఒక చెంబు, ఒక ప్రమిద పట్టుకుని పొద్దున్నే వచ్చాడు.

"మూడు మాటలు ముందే చెబుతా శెట్టిగారూ. మీరు నా వెంటే తిరగాలి. నేను చూసింది మీరూ చూడాలి. రెండోది, పొద్దుగూకేదాకా పడుతుంది, తొందరపెట్టకూడదు. ఇక మూడోది. నేను చూసింది చెబుతా. కొనండి అనను, వద్దనీ అనను. అది మీ ఇష్టం."

"గోడలో దాగిందీ కనబడుతుందా నీకు?" అన్నాడు శెట్టి వెటకారంగా.

"నేను గోడ పగలగొట్టను. కనబడనిది కనబడలేదనే చెబుతా. కానీ దాగినదానికీ గుర్తులుంటాయి."

ముందు మిద్దె ఎక్కాడు. వాన నీళ్ళు పోయే తూము చూశాడు. దూలాలను ఒక్కొక్కటే గోటితో గీకి చూశాడు. వంటింటి పొగగూట్లో తల పెట్టి, ముఖం నిండా మసి పూసుకుని బయటికొచ్చాడు. ప్రతిదీ తాటాకు మీద గంటంతో రాసుకున్నాడు. తూము మూసుకుంది. పెరటి తలుపు గడియ తుప్పు పట్టింది. రెండో దూలం బాగుంది.

"గడియ తుప్పు కూడా రాయాలటయ్యా?" అని శెట్టి విసుక్కున్నాడు.

"రాయాలి. బాగున్నదీ రాయాలి" అన్నాడు ఓబన్న, తల ఎత్తకుండా.

ఎండ వాలేవేళకు నడిమింట్లోకి వచ్చారు. తాత ఏం చెబుతాడో వినడానికి రంగనాయకీ వచ్చింది, బుచ్చప్పా అక్కడే ఉన్నాడు. బయట గాలి లేదు, చెట్టు మీద ఆకు కదలడం లేదు. ఓబన్న తూర్పు గోడ దగ్గర చెంబుతో నీళ్ళు పోశాడు. నీళ్ళు గది మూలనున్న తూము వైపు పోలేదు. మెల్లగా పాకుతూ నడిమి బండ దగ్గరికి పోయాయి. పడమట పోశాడు, గుమ్మం దగ్గర పోశాడు. అన్నీ అక్కడికే పోయాయి. బండ అంచు ఆ నీళ్ళను జుర్రుకుంది. ఆ చప్పుడు అందరికీ వినబడింది.

ప్రమిద వెలిగించి ఆ అంచున పెట్టాడు. దీపం వణికి ఆరిపోయింది. మూడుసార్లు వెలిగించాడు, మూడుసార్లూ ఆరింది. కింది నుంచి గాలి వస్తోంది. ఆ గాలికి పాత నాచు వాసన.

ఆఖరున కర్రతో బండలను తట్టాడు. అన్నీ టక్కుటక్కుమన్నాయి. నడిమి బండ మాత్రం దమ్మంది. ఓబన్న కర్ర ఎత్తేశాడు. అయినా కింది నుంచి ఇంకొక్కసారి దమ్మని వినబడింది.

రంగనాయకి తండ్రి చెయ్యి పట్టుకుని గోడ వైపుకు లాగింది.

ఓబన్న తాటాకు చదివాడు. "నడిమింటి కింద నేల లేదు. గొయ్యి ఉంది. ఎంత లోతో నేను చూడలేదు. బండను మోస్తున్నది ఏదో, అది కుంగుతోంది. నేను చూసింది ఇదే."

శెట్టి ఆశ ఇంకా చావలేదు. "మరి ఆ తథాస్తు?" అన్నాడు దీనంగా.

ఓబన్న బుచ్చప్ప వైపు తిరిగాడు. "పొద్దుటినుంచి నువ్వు ఈ గది మూడుసార్లు దాటావు. మూడుసార్లూ గోడ వెంటే నడిచావు. ఒక్కసారి ఆ బండ మీద నిలబడి, ఇక్కడ ఏ భయమూ లేదు అనవయ్యా. మీ దేవతలు తథాస్తు అంటారుగా!"

బుచ్చప్ప ఒక అడుగు వేశాడు. ఆగాడు. ఆ అడుగు వెనక్కి తీసుకున్నాడు. గోడకు వీపు ఆనించి అలాగే జారి కూర్చుండిపోయాడు.

"పాత బావి అయ్యా. పూడ్చడానికి బద్ధకించి, మొద్దులు పరిచి బండ కప్పేశాను."

శెట్టి పిలిపించిన కూలీలు అంచుల నుంచే గడ్డపారలతో బండను కదిపారు. కింద మొద్దులు లేవు. చెదలు తినగా మిగిలిన బెరడు ఉంది, అంతే. బండ ఒరిగింది, జారింది, చీకట్లోకి పోయింది. అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. ఎంతోసేపటికి గాని నీళ్ళ చప్పుడు రాలేదు. పాల పొయ్యి పెడదామనుకున్న చోటు అదే. ఉయ్యాల కట్టిద్దామనుకున్న చోటూ అదే.

ఇదిగో, ఇప్పుడు భయపడండి పిల్లలూ. అప్పుడు ఎవరూ మాట్లాడలేదు. పెదవి కూడా కదపలేదు. అయినా ఆ బావిలోంచి గొంతు వచ్చింది.

"ఇక్కడే..."

రంగనాయకి గిరుక్కున తిరిగి బయటికి నడిచింది. వెనక్కి చూడలేదు.

ఊరి పెద్దలు బుచ్చప్పను నిలబెట్టి, ఆ బావిని మట్టితో నిండా పూడ్పించారు. కామిశెట్టి ఇంకో చిన్న ఇల్లు చూసుకున్నాడు. ఓబన్న దానికీ తాటాకు నిండా లోపాలు రాశాడు. ఈసారి శెట్టి విసుక్కోలేదు. గడియతో సహా అన్నీ బాగు చేయించాకే కాపురం పెట్టాడు. మనవడు అనుకుంటే మనవరాలు పుట్టింది. ఆ పాప ఉయ్యాల కింద బండను శెట్టి రోజూ తట్టి చూసుకునేవాడు.

ఆ ఇంట్లో తథాస్తు అనేవారు లేరు. "నా అంత తెలివైన వర్తకుడు ఈ ఊళ్ళో లేడు" అని శెట్టి అన్నప్పుడల్లా, "అదేం కాదులే నాన్నా" అనేది రంగనాయకి.

కథ కంచి దారి పట్టింది. మనం ఇంటి దారి పడదాం. వెళ్ళాక నడిమింట్లో ఒకసారి కాలు తట్టి చూసుకుందాం.

నీతి: మన ప్రతి మాటకూ తథాస్తు అనేవాడి కంటే, ఉన్న లోపం ఉన్నట్టు చెప్పేవాడే మన మేలు కోరేవాడు.