మేకును వదలని చెక్క

కూర్మయ్య మాస్టారిని ప్రశ్న అడగడమంటే కోరి పని తెచ్చుకోవడమే. చాలా ఏళ్లుగా ఆయన దగ్గర నాట్యం నేర్చుకుంటూ, కొత్తగా చేరిన వాళ్లకు పాఠాలు చెబుతున్న నరహరికి ఆ సంగతి తెలియనిది కాదు. అయినా ఆ రోజు ఉక్రోషం ఆపుకోలేక అడిగేశాడు.

"ఎన్నిసార్లు చెప్పినా మారని శిష్యుల్ని ఎన్నాళ్లు భరించాలండీ, మాస్టారూ?"

అతని బాధంతా పైడితల్లి గురించి. భీమిలిలో కడుతున్న కొత్త నాట్యశాల పూర్తికాగానే జరిగే తొలి ప్రదర్శనలో ఆ అమ్మాయికీ చోటుంది. కానీ ఆమె అడుగు వేస్తే ఎడమ మడమ ముందు తగులుతోంది. పాదమంతా ఒక్కసారిగా పడాలి. నరహరి తిట్టాడు, బతిమాలాడు, పక్కన నిలబడి చేసి చూపించాడు. ఊహూఁ, మడమ మడమే. ఆమెను మాన్పించేస్తే మిగతా వాళ్లయినా బాగుపడతారని అతని వాదన. ఒకసారి మాన్పిస్తే ఆ పిల్ల మళ్లీ గజ్జె కట్టదనీ అతనికి తెలుసు. చదువు పాడవుతోందని సణిగే వాళ్ల నాన్న ఆ ఒక్క మాట కోసమే కాచుక్కూచున్నాడు.

మాస్టారు నరహరిని వెంటబెట్టుకుని, దూలాల మీద చెక్క నేల సగం పరిచి ఉన్న కొత్త నాట్యశాలకు నడిచారు.

"మేస్త్రి భోజనానికెళ్లాడు. ఈలోగా ఓ చెక్క నువ్వు వెయ్యి" అన్నారు.

ఆ చెక్క ఆస్ట్రేలియా నుంచి ఓడలో వచ్చింది. పేరు ఐరన్‌బార్క్. బెరడు ఇనుములా నల్లగా ఉంటుందని ఆ పేరట. మన జామాయిల్‌కు పెదనాన్న వరస. ఆ చుట్టరికం విన్నప్పుడు నరహరి నవ్వాడు కూడా. పందిరి గుంజలకూ కాగితం గుజ్జుకూ పోయే జామాయిల్ మీద నాట్యమా అని! చెక్కను చేతుల్లోకి తీసుకున్నాక ఆ నవ్వు ఆగింది. బారెడు ముక్కకే మోచేతులు కిందికి లాగేశాయి. ఎండు ఖర్జూరం రంగు, అందులో సన్నటి ఎర్ర జీర. మేస్త్రి కోసి పడేసిన ముక్కొకటి బకెట్లో పడితే తేలలేదు, తిన్నగా అడుక్కు పోయింది. చెద దాని జోలికి తొందరగా రాదట. మెరుగు పెట్టిన చోట పాదం మోపితే శబ్దం నిండుగా, గుండ్రంగా పలికింది. ఇలాంటి నేల మీద అడుగు వేయాలంటే ఆ కాళ్లకు పెట్టిపుట్టి ఉండాలనిపించింది నరహరికి.

అదంతా మేకు కొట్టేదాకానే. మొదటి మేకు పావు వంతు దిగకుండానే వంగింది. రెండోది వంగి, ఎగిరి, గోడకు తగిలింది. నరహరి పళ్లు బిగించి సుత్తి మరింత పైకెత్తాడు.

"దెబ్బలకు లొంగే రకం కాదయ్యా అది. ముందు దారి చెయ్యి" అన్నారు మాస్టారు, గోడకు ఆనుకునే.

నరహరి డ్రిల్లు తెచ్చి, పొగ వచ్చేదాకా తిప్పి, మేకు కన్నా సన్నటి చిల్లులు చేశాడు. ఇప్పుడు మేకులు బుద్ధిగా దిగాయి. రెండు కొసలా కొట్టేసి, నడుం మీద చేతులు వేసుకుని లేచి చూసుకుంటే అప్పుడు కనబడింది. అవతలి కొసన, పక్క చెక్కకూ దీనికీ మధ్య చిటికెన వేలు దూరేంత సందు. దిగితే చాలనే తొందరలో వరస చూసుకోనేలేదు.

సుత్తి వెనకవైపు తగిలించి మేకును పీకబోయాడు. మేకు తల ఊడి చేతికొచ్చింది గానీ మేకు రాలేదు. రెండోదీ అంతే. చెక్క వెంట్రుకవాసి కదల్లేదు.

"ఉత్త మొండిది మాస్టారూ! దీన్ని పగలగొట్టి పారేసి ఇంకోటి వేద్దామండీ" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"చెక్క తప్పేటయ్యా? నువ్వెలా పట్టుకోమన్నావో అలా పట్టుకుంది."

నరహరి సుత్తి కింద పెట్టాడు. పైడితల్లి చేరిన కొత్తలో మాస్టారు ఊళ్లో లేరు. వార్షికోత్సవం ముంచుకొస్తోంది, ఆ పిల్ల అడుగేమో తాళానికి అందడం లేదు. "ముందు మడమ వేసెయ్, అందుతుంది. తరవాత సరిచేసుకుందాం" అన్నది ఎవరో కాదు, తనే. ఒక్కసారి చెబితే పట్టేసిందని నలుగురిలో ఆమెను మెచ్చుకున్నదీ తనే.

"ఇప్పుడేం చెయ్యమంటారండీ?" అన్నాడు. ఈసారి ఆ గొంతులో ఉక్రోషం లేదు.

మాస్టారు మేస్త్రి సంచిలోంచి ఇనుము కోసే రంపం బ్లేడు తీసి అతని చేతిలో పెట్టారు.

"చెక్కకూ కింది దూలానికీ మధ్య దూర్చి మేకును కొయ్యి. ఎంతసేపైనా పట్టనీ. చెక్క మీద మాత్రం గీత పడకూడదు."