త్రినాథరావు హార్డ్ డిస్క్ కెమెరా

పాలకొండలో పెళ్ళి వీడియోలు తీసే త్రినాథరావుకి ఒక గుణం ఉండేది: ఏ వస్తువు గురించైనా మంచి చెబుతుంటే రెండు చెవులూ అప్పగించి వినేవాడు, అందులో లోపం చెప్పబోతే మాత్రం పని ఉందంటూ లేచిపోయేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. పని రానివాడూ కాదు. బరువైన క్యాసెట్ కెమెరా భుజాన వేసుకుని, గంటకోసారి క్యాసెట్ మార్చుకుంటూ, పదేళ్ళుగా చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిళ్ళన్నీ తీశాడు. కానీ ఆ ఒక్క గుణం ఉంది చూశారూ, అది చేసిన పని వింటే మీరు నోరు వెళ్ళబెడతారు.

ఇది ప్రతివాళ్ళూ సెల్‌ఫోన్ ఎత్తి వీడియోలు తీసే రోజుల మాట కాదు. అప్పట్లో ఫోన్లు మాట్లాడుకోవడానికే పనికొచ్చేవి. ఆ రోజుల్లో హార్డ్ డిస్క్ కెమెరా అని ఒకటి కొత్తగా వచ్చింది. అరచేతిలో ఇమిడిపోయేది. దానికి క్యాసెట్టే అక్కర్లేదు, తీసిందంతా లోపలి డిస్కులోనే నిలవ ఉండేది. త్రినాథరావు విశాఖపట్నం వెళ్ళి దాన్ని కొనుక్కొచ్చాడు. బస్సు దిగి ఇంటికైనా వెళ్ళకుండా తిన్నగా కూర్మారావు దుకాణానికి నడిచాడు. కూర్మారావు బజారులో టీవీలూ కెమెరాలూ బాగుచేసే పెద్దాయన. త్రినాథరావుకి కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే.

కూర్మారావు కళ్ళజోడు సర్దుకుని కెమెరాని అటూ ఇటూ తిప్పి చూశాడు. వస్తువు బాగుందన్నాడు. ఏడు గంటలు ఏకబిగిన తీస్తుంది, క్యాసెట్ మార్చే బాధ లేదు, కావలసిన చోటు చిటికెలో వెతుక్కోవచ్చు, వద్దనుకున్న ముక్క అక్కడికక్కడే చెరిపెయ్యొచ్చు, తీగ తగిలిస్తే అప్పటికప్పుడే టీవీలో చూపించొచ్చు, పైగా ఫోటోలు కూడా వస్తాయి అని ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. వింటున్న త్రినాథరావు ముఖం మతాబాలా వెలిగిపోయింది.

"అయితే ఒక మాట వినరా," అన్నాడు కూర్మారావు. "దీని లోపల చిన్న పళ్ళెంలాంటిది గిరగిరా తిరుగుతూ ఉంటుంది. దానికి అదురు పడదు. పక్కన పెద్ద చప్పుడు ఉన్నా సరే..."

"కింద పడేసుకోను లెండి మాస్టారూ," అంటూ త్రినాథరావు కెమెరా సంచిలో పెట్టేసుకున్నాడు. వెనక నుంచి పెద్దాయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఇతను అప్పటికే వీధిలో పడ్డాడు. కెమెరా పెట్టెలో ఒక చిన్న పుస్తకం కూడా వచ్చింది. అందులోనూ ఆ మాటే రాసి ఉంది. దాన్ని ఇతను తెరిస్తేగా!

ఆ మాఘమాసంలో వరహాలమ్మ కూతురు ఇందుమతికి పెళ్ళి కుదిరింది. వరహాలమ్మది త్రినాథరావు ఉండే వీధే. అతను ఆమెను పిన్నీ అని పిలిచేవాడు. పిల్లకి నాలుగేళ్ళప్పుడు భర్త పోతే, ఆమె పిల్లల హాస్టల్లో వంట చేస్తూ ఒంటి చేత్తో కూతుర్ని పెంచుకొచ్చింది. టీచరు ట్రైనింగు కూడా చదివించింది. అలాంటి తల్లి కూతురి పెళ్ళికి ఎక్కడ కూర్చోవాలి? పందిట్లో, ముందు వరసలో కదా? కూర్చోనిస్తేగా! భర్త పోయిన ఆడది తాళి కట్టే వేళకి పందిట్లో కనబడకూడదని వాళ్ళలో ఆచారం. కన్యాదానం పిల్ల పెదనాన్న దంపతులు చేస్తారని పెద్దలు ముందే తేల్చేశారు. కన్నతల్లిని మాత్రం లోపలి గదిలో ఉండమన్నారు. ఆమె సరేనంది. ఎదురు చెప్పే అలవాటు ఆమెకి ఏనాడూ లేదు.

పెళ్ళికి రెండు రోజుల ముందు ఆమె త్రినాథరావుని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి ఒక సాయం అడిగింది. లోపలి గది కిటికీ సరిగ్గా పందిరి వైపే ఉంది. రెక్క కాస్త వారగా తీసి ఉంచుకుంటే, సందులోంచి ముహూర్తం కంటపడుతుంది. అతను తన సరంజామా ఆ కిటికీకి అడ్డం పెట్టకుండా ఉంటే చాలు.

త్రినాథరావు పకపకా నవ్వాడు. "సొంత కూతురి పెళ్ళికి దొంగచూపులెందుకు పిన్నీ? ఎవరి కంటైనా పడితే అదో మాట. నువ్వు హాయిగా కిటికీ వేసేసుకుని కూర్చో. ఇది క్యాసెట్ కెమెరా కాదు. భోజనాలు కాగానే మీ టీవీకే తగిలించి, తాళి కట్టడం ఇంత దగ్గరగా చూపిస్తాను. ఒకసారి కాదు, పదిసార్లు చూసుకో."

"నిజంగా ఆ రోజే చూపిస్తావా నాయనా?" అంది వరహాలమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను మాటిచ్చాడు. అక్కడితో ఆగాడా? ఫోటోలు తీసేవాడిని కూడా పిలవనక్కర్లేదు, అవీ ఇందులోనే వస్తాయి అని పెదనాన్న గారికి నచ్చజెప్పి మాన్పించేశాడు.

పెళ్ళినాడు ముహూర్తం పగలు పదకొండు గంటల నలభై నిమిషాలకి. ఇంటి ముందు పందిరి వేసి, బల్లలు పరిచి వేదిక కట్టారు. వేదిక మీద ఒక మూల భజంత్రీలు కూర్చున్నారు. వాళ్ళ పక్కనే పెద్ద సౌండు బాక్సు. అక్కడినుంచైతే వధూవరులిద్దరూ ఎదురుగా కనిపిస్తారని, త్రినాథరావు సరిగ్గా డోలుకీ సౌండు బాక్సుకీ మధ్యలో మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి కెమెరా బిగించాడు. బటన్ నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది. ఇక ఏడు గంటల పాటు దాని జోలికి వెళ్ళనక్కర్లేదు అనుకున్నాడు. పాత కెమెరా అయితే దాని వెనక నుంచి అడుగు కదిలేవాడు కాదు. ఇప్పుడు చేతులు దులుపుకుని పెద్దమనిషిలా పక్కకొచ్చి నిలబడ్డాడు. లోపలి గది వైపు చూశాడు. కిటికీ రెక్కలు రెండూ మూసి ఉన్నాయి. పిన్ని తన మాట నమ్మిందని సంతోషించాడు కూడా.

జీలకర్ర బెల్లం అయింది. పెళ్ళికొడుకు మేనమామ అప్పటిదాకా ఆ కెమెరా వైపే వింతగా చూస్తున్నాడు. వెనక మనిషి లేకుండా అది ఎలా తీస్తోందని అడిగాడు. ఎవరైనా ఆ మాట అడిగితే బాగుండునని త్రినాథరావు పొద్దుటి నుంచీ చూస్తున్నాడు. వెంటనే అటు తిరిగి మొదలుపెట్టాడు. ఏడు గంటలన్నాడు, క్యాసెట్ లేదన్నాడు, కావాలంటే ఇప్పుడే టీవీలో చూపిస్తానన్నాడు. ఇంతలో పురోహితుడు చెయ్యెత్తి గట్టిమేళం అన్నాడు. డోళ్ళు ఒక్కసారిగా ఉరిమాయి. సౌండు బాక్సు దద్దరిల్లింది. వేదిక బల్లలు అదిరి, పళ్ళెంలో అక్షింతలు ఎగిరెగిరి పడ్డాయి. ఆ హోరులో మాట వినబడక త్రినాథరావు మేనమామ చెవి దగ్గర నోరు పెట్టి అరిచి మరీ చెప్పాడు. అక్షింతలు వచ్చి అతని వీపు మీద పడ్డాయి. ఇటు తిరిగేసరికి తాళి కట్టడం అయిపోయింది.

కెమెరా దగ్గరికి వెళితే దీపం ఆరిపోయి ఉంది. తెర మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. బ్యాటరీ సంగతై ఉంటుందిలే అనుకున్నాడు. మళ్ళీ బటన్ నొక్కాడు, మళ్ళీ దీపం వెలిగింది. ఇంకేం కావాలి?

భోజనాలయ్యాయి. చుట్టాలందరూ హాల్లో టీవీ ముందు చేరారు. ఇందుమతి తనే వెళ్ళి తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అందరికన్నా ముందు కూర్చోబెట్టింది. వరహాలమ్మ కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని పెట్టుకుంది. త్రినాథరావు తీగ తగిలించాడు. గౌరీపూజ వచ్చింది. కాళ్ళు కడగడం వచ్చింది. బొమ్మ అద్దంలా ఉందని అందరూ మెచ్చుకున్నారు. జీలకర్ర బెల్లం వచ్చింది. పురోహితుడు చెయ్యెత్తాడు. డోలు మీద కర్ర పడింది. ఆ వెంటనే తెర మీద తలంబ్రాలు పోసుకుంటున్నారు.

హాల్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. వరహాలమ్మ గబగబా కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకుంది.

"అయ్యో, కన్ను మూసినట్టున్నాను నాయనా. మళ్ళీ వెయ్యి," అంది.

త్రినాథరావు వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. చెయ్యెత్తడం, డోలు, తలంబ్రాలు. మూడోసారి వేశాడు. అదే. ఆమె మాత్రం ఇంకా తన కళ్ళనే తప్పు పట్టుకుంటోంది. ఈసారి రెప్ప వెయ్యను, మళ్ళీ వెయ్యమంటోంది. ఆ మాట వినలేక అతను ఒక అబద్ధం ఆడేశాడు. ముహూర్తం ముక్క డిస్కులో వేరేచోట ఉంటుంది, గంటలో తీసుకొస్తానన్నాడు. కెమెరా చంకలో పెట్టుకుని కూర్మారావు దుకాణానికి పరిగెత్తాడు.

కూర్మారావు కెమెరాని కంప్యూటరుకి తగిలించి మూలమూలలా వెతికాడు. తర్వాత కెమెరా ఎక్కడ పెట్టి తీశావని అడిగాడు. డోలు పక్కన అని చెప్పగానే ఆయన తల పట్టుకున్నాడు.

"ఎక్కింది చెరిగిపోతే ఎలాగోలా వెతికి తీసేవాణ్ణిరా. ఇది అసలు ఎక్కలేదు. ఆ అదురుకి డిస్కు ఆగిపోయింది. నీకు ఆ రోజు చెప్పబోయింది ఇదే కదా," అన్నాడు.

త్రినాథరావుకి అప్పుడు అర్థమైంది. ఏ పెళ్ళిలోనైనా, ఏ ఊళ్ళోనైనా, సరిగ్గా తాళి కట్టే క్షణంలోనే డోళ్ళు అంత గట్టిగా మోగుతాయి. ఆ సంగతి పదేళ్ళుగా ప్రతి పెళ్ళిలోనూ చెవులారా విన్నవాడు తను. దాని పక్కనే తీసుకెళ్ళి పెట్టినవాడూ తనే.

సాయంత్రం అయిదింటికి అప్పగింతలు. అంతకుముందే వెళ్ళి నిజం చెప్పాలనుకున్నాడు. ఆ మాత్రం మంచితనం అతనిలో ఉంది. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళేసరికి వరహాలమ్మ అదే చోట, ఆపేసిన టీవీ ముందు కూర్చునే ఉంది. పక్కన ఇందుమతి ఉంది. అతను తల దించుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ముహూర్తం అందులో లేదు, ఎప్పటికీ రాదు అన్నాడు.

ఇందుమతి తల్లి వైపు తిరిగింది. "అమ్మా, కిటికీలోంచి అయినా చూశావు కదా?" అని అడిగింది.

వరహాలమ్మ లేదన్నట్టు తల ఊపింది. కెమెరాలో ఎలాగూ చూపిస్తానన్నాడని గడియ పెట్టేసుకున్నానంది. మేళం వినబడినప్పుడు గోడకి దణ్ణం పెట్టుకున్నానంది. తల్లి గదిలో ఉంటుందంటే తను కూడా ఊరుకున్న సంగతి కూతురికి అప్పుడు తట్టింది కాబోలు, తల్లికి ఇంకా దగ్గరగా జరిగింది. త్రినాథరావుకి ఇద్దరూ ఏడిస్తే బాగుండును, నాలుగు తిట్లు తిడితే ఇంకా బాగుండును అనిపించింది. ఆమె తిట్టలేదు. అంతకన్నా పెద్ద శిక్షే వేసింది, అదీ తెలియక వేసింది.

"పోనీలే నాయనా, మిషను కదా, ఆగిపోయింది," అంది. "నువ్వు పక్కనే నించున్నావు కదా. నువ్వు చూసిందే చెప్పు. మూడు ముళ్ళూ అబ్బాయే వేశాడా? నా పిల్ల ఏడ్చిందా, నవ్విందా?"

త్రినాథరావు నోరు తెరిచాడు. ఏదో ఒకటి కల్పించి చెప్పెయ్యొచ్చు. ఆమె నమ్మేస్తుంది. మొన్న కూడా అలాగే నమ్మింది. ఆ సంగతి తలుచుకునేసరికి అతనికి భయం వేసింది.

"నేనూ చూడలేదు పిన్నీ," అన్నాడు చివరికి. "అటు తిరిగి కెమెరా గొప్పలు చెబుతున్నాను."

వరహాలమ్మ అతని వంక చూసింది. మూడడుగుల దూరంలో నిలబడి, ఏ ఆచారమూ అడ్డం లేకుండా, రెండు కళ్ళూ పెట్టుకుని చూడకపోవడం ఏమిటో ఆమెకి ఎంత ఆలోచించినా బోధపడలేదు. ఇందుమతి తల్లి ముందు నేల మీద కూర్చుని, జడ పక్కకి తీసి, తల్లి చేతిని తన మెడ వెనక పెట్టుకుంది. వరహాలమ్మ పసుపుతాడు మీద వేళ్ళతో తడిమింది. ఒక ముడి. దాని పక్కన ఇంకొకటి. మూడోది దొరికేదాకా వెతికింది.

"మూడూ గట్టిగానే వేశాడు," అంది. అప్పుడు వచ్చింది ఆమెకి ఏడుపు.

త్రినాథరావు అక్కడ ఇక నిలబడలేకపోయాడు. ఆ తర్వాత కూడా అతను ఆ కెమెరాతోనే పెళ్ళిళ్ళు తీశాడు. తప్పు వస్తువుది కాదని తెలుసుకున్నాడు. చిన్న పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా కూర్మారావు చేత చదివించుకున్నాడు. భజంత్రీలకి దూరంగా నిలబడి, కెమెరా చేత్తో పట్టుకుని తీసేవాడు. గట్టిమేళం మోగినప్పుడు ఎవరు పలకరించినా అటు తిరిగేవాడు కాదు. కానీ వరహాలమ్మ ఎదురొస్తే మాత్రం, ఆమె నవ్వుతూ పలకరించినా సరే, అతని తల దానంతటదే వాలిపోయేది.

నీతి: ఏ వస్తువునైనా దాని గొప్పతో పాటు దాని లోపం కూడా తెలుసుకున్నాకే నమ్మాలి. అది ఎంత గొప్పదైనా, మన కళ్ళు చెయ్యవలసిన పనిని పూర్తిగా దానికి అప్పగించకూడదు.